పశువు జబ్బు పడకమునుపే

పాడి గల యింట విత్తనములకు, ఎరువులకు, పండుగలకు కావలసిన సొమ్మును ఏటేట ముందుగనే లెక్క వేసికొందురు. పశువైద్యమునకు లెక్క వేయువారు మాత్రము అరుదు. గేదె నేలపడిన రాత్రి డాక్టరుగారు ఎచ్చట నున్నారని వెదకుటయు, చేబదులు కొరకు పొరుగింటి తలుపు తట్టుటయు మేము పల్లెలలో చూచుచునే యున్నాము. వైద్యుని ఎరిగియుండుట, సొమ్ము కూర్చుకొనుట అను రెండు పనులును పశువు ఆరోగ్యముగ నున్నప్పుడే చేయదగినవి.

పాలజ్వరము సంగతి చూడుడు. ఎక్కువ పాలిచ్చు ఆవునకుగాని, గేదెకుగాని ఈనిన రెండు మూడు దినములలో రక్తమునందలి కాల్షియము హఠాత్తుగ తగ్గుటచే ఈ వ్యాధి కలుగును. పేరు జ్వరమే గాని ఒడలు చల్లబడును. పశువు మెడను ప్రక్కకు త్రిప్పుకొని పడియుండును. వైద్యుడు సకాలమున వచ్చి నరమునకు కాల్షియము ఎక్కించినచో తరచుగ కొలది సేపటిలోనే లేచి నిలుచును. ఆలస్యమైనచో గంటలలోనే మరణింపవచ్చును. ఇట్లు పడియున్న పశువు నోట గొట్టముతో మందులు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలవు.

వైద్యుని ఎరుగుట

మీ గ్రామము ఏ పశువైద్యశాల పరిధిలోనిదో, డాక్టరుగారు ఏ వేళల నుందురో, వారి ఫోను నంబరెంతో నేడే తెలిసికొని కొట్టము గోడపై వ్రాసియుంచుడు. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము వైద్యము చేయు అధికారము రిజిస్టరు అయిన పశువైద్యునకే గలదు. ఇతర సిబ్బంది వారి పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయవచ్చును.

టీకా: చవుక వైద్యము

2019లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద గాలికుంటు వ్యాధికి ఆరు నెలల కొకసారి ఉచితముగ టీకాలు వేయుచున్నారు. చూడి పశువులు ఈసుకుపోవుటకు కారణమగు బ్రూసెల్లా వ్యాధి మనుష్యులకును సోకును. దానికి 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు ఒకసారి టీకా వేయింపవలెను. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి మునుపే పడవలెను. ఒకనాడు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి టీకాల బలముననే నశించి, 2011లో ప్రపంచమంతటను నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది.

ఇంటి కుక్కను మరువరాదు. మూడు నెలల వయస్సున రేబీస్ టీకా వేయించి, పిదప డాక్టరుగారు చెప్పిన గడువులలో మరల వేయింపవలెను. మనిషికి ఈ వ్యాధి లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసాధ్యము.

లీటరునకు రెండు రూపాయలు

రోజునకు 6 లీటర్ల పాలిచ్చు గేదె పేర లీటరునకు 2 రూపాయలు తీసియుంచినచో 300 దినములకు 3,600 రూపాయలగును. పాలకేంద్రమువారు బిల్లు చెల్లించిన నాడే దీనిని వేరుపరచుడు. వైద్యశాలలో దొరకని మందులకును, రాకపోకలకును ఇది అక్కరకు వచ్చును. మరియొక ఖర్చు గలదు. పొదుగువాపునకు యాంటీబయాటిక్ మందు వాడినప్పుడు డాక్టరుగారు చెప్పినన్ని దినములు ఆ పాలు అమ్మరాదు. ఆ రాబడి నష్టమునుగూడ లెక్కలో చేర్చుడు.

పెద్ద నష్టమునకు బీమాయే శరణ్యము. 2024లో కేంద్ర ప్రభుత్వము జాతీయ పశుగణ మిషన్ క్రింద బీమా ప్రీమియములో రైతు భాగమును నూటికి 15 వంతులకు తగ్గించినది. మీ ప్రాంతమున చేరు విధమును వైద్యశాలలో విచారింపుడు. చెవిపోగును జాగ్రత్త పరచుడు. అది లేనిదే పరిహారము పొందుట కష్టము. పశువు మరణించినచో వెంటనే బీమా సంస్థకును, డాక్టరుగారికిని తెలుపవలెను.

గోడపై నంబరు, చేతిలో టీకా కార్డు, ఖాతాలో కొంత సొమ్ము. ఈ మూడును గల రైతు ఆ రాత్రి చేయవలసినది ఒక్క ఫోను మాత్రమే.