కూలి చిట్టాలు – కంప్యూటరు లెక్కలు

చేనేతపై పరిశోధన చేయువారు నేడు మన సంఘములకు వచ్చి కూలి చిట్టాలు అడిగి వ్రాసుకొని పోవుచున్నారు. ఆ అంకెలను కంప్యూటరులో ఎక్కించి, సాఫ్టువేరు చేత లెక్క కట్టించి, నేతగాని సగటు రాబడి ఇంత అని తేల్చుచున్నారు. అట్లు తేల్చినదే అధికారుల బల్ల మీదికి చేరును. కనుక ఆ లెక్క ఎట్లు పుట్టుచున్నదో సంఘ కార్యదర్శులు ఎరిగియుండుట అవసరమని మేము తలచుచున్నాము.

ఇందుకు వాడు సాధనములలో ఎస్.పి.ఎస్.ఎస్. 1968లో అమెరికాలో వెలసినది. దానికి రుసుము కట్టవలెను. 'ఆర్' అనునది న్యూజీలండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు తయారుచేసినది, ఇది ఉచితము. (సంఖ్యాశాస్త్రమున ప్రపంచఖ్యాతి గన్న సి.ఆర్. రావుగారు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగువారింట పుట్టినవారే. ఈ విద్య మనకు పరాయిది కాదు.)

ముఖ్యమైన చిక్కు ఖాళీ గడితో వచ్చుచున్నది. వానకాలమున గుంట మగ్గములో నీరు ఊరి పని నిలిచిన నెలలకు చిట్టాలో ఏమియు వ్రాయక వదలుట మనలో పాత వాడుక. ఒక నేతగాడు తొమ్మిది నెలలు నెలకు 6,000 రూపాయల చొప్పున 54,000 తెచ్చుకొని, మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాడనుకొందము. ఎక్సెల్ ఖాళీ గడులను విడిచిపెట్టి, తొమ్మిదితో భాగించి, సగటు 6,000 అని చెప్పును. ఆ మూడు గడులలో సున్న వేసియున్నచో పన్నెండుతో భాగించి 4,500 అనును. 'ఆర్' మాత్రము, లోపించిన అంకె తగిలినచో, దానిని విడువుమని మనము చెప్పువరకు సగటు ఈయనే ఈయదు. మాకు ఈ మొండితనమే నచ్చినది. 2019–20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణనలో సుమారు మూడింట రెండు వంతుల నేత కుటుంబములకు నెలసరి రాబడి 5,000 రూపాయల లోపే అని తేలినది. పై నేతగాడు ఆ గీతకు ఎగువనున్నాడా, దిగువనున్నాడా? ఒక్క సున్న తేల్చుచున్నది!

సగటు మరొక విధమునను మోసగించును. పది మగ్గములలో తొమ్మిదింటికి 6,000, జరీ పని చేయు ఒక్కదానికి 30,000 వచ్చినచో సగటు 8,400. ఆ 8,400 పదిమందిలో ఎవరి చేతికిని రాలేదు. వరుసగా పేర్చి నడుమనున్నదానిని చూచు మధ్యగతము 6,000 అని సరిగా చెప్పును. పరిశోధకులను రెండును అడుగుడు.

ఇక ఇల్లాలి మాట. కండెలు చుట్టి, ఆసు పోసిన ఆమె పేరు చిట్టాలో లేదు. మగ్గమునకు ఒక వరుస వేసినచో ఆ 6,000 ఒక్కరి కూలిగా కనబడును. మనిషికి ఒక వరుస వేసినచో ఇద్దరి కష్టమని తెలియును. ఏ సాఫ్టువేరును ఈ సంగతి తనంతట కనిపెట్టజాలదు.

చిన్న సంగతులు రెండు. షోలాపూర్ అని ఒకచోట, సోలాపూర్ అని ఒకచోట వ్రాసినచో యంత్రము రెండు ఊళ్లుగా ఎంచును. గుంట మగ్గమునకు 1, ఫ్రేము మగ్గమునకు 2 అని గుర్తు పెట్టి ఊరకున్నచో, వాటికిని సగటు తీసి 1.6 మగ్గము అని చెప్పును.

మగ్గము ఆగిన నెలకు 0 వేసి, ప్రక్కన కారణము వ్రాయుడు: వాన, నూలు రాకపోవుట, జబ్బు, పెండ్లి, ఏదైనను. కూలి తెలియని నెలకు మాత్రము సున్న వేయక 'తెలియదు' అని వ్రాయుడు. చిట్టా నకలు ఇచ్చునప్పుడు అసలు పుస్తకము సంఘముననే ఉండవలెను. లెక్క ముగిసిన పిమ్మట దాని ప్రతి ఒకటి మనకు పంపవలెనని ముందుగానే వ్రాయించుకొనుడు.