బొగ్గు టిప్పరు వెనక నుంచి సిగ్నల్

మన దేశంలో ట్రాఫిక్ సిగ్నల్ దీపాలకు ప్రధానంగా రెండే సైజులు: 200 మిల్లీమీటర్లు, 300 మిల్లీమీటర్లు. చిన్నది జానెడుకు కాస్త తక్కువ, పెద్దది అడుగంత. ఎక్కడ ఏది పెట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో తెచ్చిన ఐఆర్‌సీ-93 చెబుతుంది. బండ్లు వేగంగా వచ్చే రోడ్డుకు, ఇక్కడ సిగ్నల్ ఉంటుందని డ్రైవరు ఊహించని చోటుకు, వెనక దుకాణాల లైట్లు మెరిసే చౌరస్తాకు, బాణం గుర్తులకు పెద్దది. బండ్లు నెమ్మదిగా సాగే ఊరి లోపలి వీధికి చిన్నది చాలు.

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో రోడ్డు పక్కన నిలబడితే ఈ మాటల బరువు తెలుస్తుంది. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే 63వ నంబరు జాతీయ రహదారి సీసీసీ నస్పూర్, శ్రీరాంపూర్, ఇందారం, జైపూర్ మీదుగా సాగుతుంది. సింగరేణి బొగ్గు టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుల బైకులు, ఆటోలు అన్నీ ఆ రోడ్డు మీదనే. హైవేకు హైవే, బజారుకు బజారు. పట్నంలో ఏదో కాలనీ మలుపుకు సరిపోయిన దీపాన్ని తెచ్చి ఇలాంటి చోట నిలబెడితే కుదరదు. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: సిగ్నల్ సైజునూ అమరికనూ నిర్ణయించేటప్పుడు దాన్ని అందరికన్నా కష్టంగా చూసే మనిషిని లెక్కలోకి తీసుకోవాలి.

ముందు సైజు సంగతి. వంద మీటర్ల దూరం నుంచి చూస్తే చిన్న దీపం మన కంటి దగ్గర దాదాపు 7 ఆర్క్ నిమిషాల కోణం చేస్తుంది, పెద్దది 10 నిమిషాలు. ఒక డిగ్రీలో 60 నిమిషాలు. మంచి చూపున్న కన్ను ఒక్క నిమిషం ఎడంలో ఉన్న రెండు చుక్కలను కూడా విడదీసి చూడగలదు. అంటే రెండు సైజులూ గుండ్రంగానే కనబడతాయి. మరి పెద్దది ఎందుకు? వెలుగు కోసం. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది. అంత అదనపు వెలుగు కంటికి చేరుతుంది. బాణం విషయంలో మాత్రం ఆకారమే ముఖ్యం. బాణం గీత మందం దీపం వెడల్పులో ఆరో వంతు అనుకుందాం. చిన్న దీపంలో అది వంద మీటర్ల నుంచి ఒక్క నిమిషానికి కాస్త ఎక్కువ. దూరపు చూపు మందగించినా, కంటద్దాల మీద దుమ్మున్నా ఆ బాణం కుడికో ఎడమకో తేలదు. బాణాలకు పెద్ద దీపమే కావాలనడం ఇందుకే.

సిగ్నల్ అనే ఈ యంత్రానికి పుట్టిల్లు రైల్వే. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు ముందు రైల్వే ఇంజనీరు జె.పి. నైట్ ఒక స్తంభం పెట్టించాడు. పగలు దాని చేతులు లేచి దిగేవి, రాత్రి ఎరుపు, ఆకుపచ్చ గ్యాస్ దీపాలు వెలిగేవి. కింద నిలబడి పోలీసు దాన్ని తిప్పేవాడు. నెల తిరిగేసరికి, 1869 జనవరిలో, గ్యాస్ పేలి ఆ పోలీసుకు తీవ్ర గాయాలయ్యాయి. ఆ ముచ్చట అక్కడితో ఆగింది. 1914 ఆగస్టు 5న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కరెంటు సిగ్నల్ వెలిగింది. దానికి ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ దీపాలే. రంగు మారబోతోందని బజర్ మోగించి చెప్పేవారు. బొగ్గుబాయి పని తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. బొగ్గు తొట్లను లాగే తాడు నడుస్తుండగా ఒక్క బెల్లు వినబడితే హాలేజీ డ్రైవరు ఆపేయాలి. అయితే రోడ్డు మీద రొదలో బజర్ ఎవరికి వినబడుతుంది? 1920లో డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ పసుపు దీపం చేర్చి, నాలుగు దిక్కులకూ మూడు రంగులు చూపే సిగ్నల్ తయారుచేశాడు. ఇప్పుడు మనం చూస్తున్నది దాని సంతతే.

ఎరుపు పైన, ఆకుపచ్చ కింద. ఈ వరుస కూడా ఊరికే వచ్చింది కాదు. ఎరుపు, ఆకుపచ్చలకు తేడా తెలియని మగవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్లు రంగును బట్టి కాక, వెలిగిన చోటును బట్టి ఆగుతారు. జపాన్‌లో చాలాచోట్ల దీపాలు అడ్డంగా ఉంటాయి. మంచు బాగా కురిసే ప్రాంతాల్లో మాత్రం వాటి మీద మంచు పేరుకోకుండా నిలువుగా పెడతారు. కెనడాలోని క్యుబెక్‌లో అడ్డంగా పెట్టిన సిగ్నళ్లలో ఎరుపు చదరంగా, పసుపు వజ్రం ఆకారంలో, ఆకుపచ్చ గుండ్రంగా కనబడతాయి. రంగు తేలకపోయినా ఆకారం తెలుస్తుంది. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. ఎవరి కన్ను బలహీనమో వాళ్లను ముందు తలుచుకుని చేసిన పని.

శ్రీరాంపూర్‌లో మంచు బెడద లేదు, ఎండ బెడద ఉంది. ఆ రోడ్డు మొత్తం మీద తూర్పు పడమరలుగా సాగుతుంది. పొద్దున చెన్నూరు వైపు పోయేవాళ్లకు సిగ్నల్ వెనకే సూర్యుడుంటాడు. దీపాల చుట్టూ నల్లటి వెడల్పు పలక ఉంటే తప్ప ఏది వెలిగిందో తెలియదు. మంచిర్యాల వైపు వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు. వాళ్ల వీపు మీదుగా వచ్చిన కిరణాలు నేరుగా దీపంలో దూరతాయి. పాత బల్బు సిగ్నళ్లలో వెనక అద్దంలాంటి గిన్నె ఉండేది. ఆ వెలుగు అందులో పడి తిరిగొచ్చి, వెలగని దీపం కూడా వెలిగినట్టే కనబడేది. ఎల్ఈడీలు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. నూరు వాట్ల దరిదాపు తాగే బల్బు స్థానంలో పది వాట్ల చొప్పున సరిపెట్టుకున్నాం. బల్బు పోతే దీపం మొత్తం చీకటి. ఎల్ఈడీలలో కొన్ని చుక్కలు ఆరినా మిగతావి వెలుగుతుంటాయి.

దుమ్ము గురించి ఒక మాట చెప్పాలి. ఎరుపు తక్కువగా చెదురుతుంది కాబట్టి దుమ్ములోంచి దూసుకొస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. గాలి అణువుల దగ్గర అది నిజం. బొగ్గు రేణువులు, పొగమంచు చుక్కలు కాంతి తరంగం కన్నా చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా అడ్డుకుంటాయి. బొగ్గు ధూళి పట్టిన దీపానికి రంగు ఏ సాయమూ చేయదు. గుడ్డతో తుడవాల్సిందే.

పసుపు దీపం లెక్క మరీ కఠినం. మన చౌరస్తాల్లో అది సాధారణంగా 3 సెకన్లు వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ మూడు సెకన్లలో 50 మీటర్లు సాగుతుంది. కారు డ్రైవరు ఒక సెకనులో తేరుకుని మామూలుగా బ్రేకు వేస్తే 63 మీటర్లలో ఆగుతాడు. నిండా బొగ్గున్న టిప్పరు అంత త్వరగా ఆగలేదు. దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 2 మీటర్ల చొప్పునే తగ్గుతుందనుకుంటే దానికి 86 మీటర్లు కావాలి. పసుపు వెలిగే సమయానికి టిప్పరు ఆగాల్సిన గీతకు 50, 86 మీటర్ల మధ్య ఉంటే డ్రైవరు ఏం చేసినా తప్పే. ఆగలేడు, ఎరుపు పడేలోపు దాటలేడు. ఈ చిక్కును 1960లో లెక్కకట్టి చూపినవాళ్లు డెనోస్ గేజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మారదుడిన్. ఈ హెర్మన్ 1948లో రాల్ఫ్ ఆల్ఫర్‌తో కలిసి విశ్వమంతా నిండిన తొలినాటి వికిరణాన్ని ముందే ఊహించిన భౌతిక శాస్త్రవేత్త. అంతటి మనిషి పసుపు దీపం దగ్గర ఆగి ఆలోచించాడు.

సిగ్నల్ రంగులన్నీ ఒకసారి తిరిగొచ్చే చుట్టు ఎంతసేపు ఉండాలన్నదానికి 1958లో ఎఫ్.వి. వెబ్‌స్టర్ సూత్రమిచ్చాడు. చుట్టులో వృథా అయ్యే సమయం 10 సెకన్లు, రోడ్డు సగం నిండింది అనుకుంటే 40 సెకన్ల చుట్టు సరిపోతుంది. షిఫ్టు మారి రోడ్డు 80 శాతం నిండితే అదే సూత్రం 100 సెకన్లు అడుగుతుంది. రోజంతా ఒకే టైమింగు పెట్టి వదిలేస్తే బొగ్గుబావుల ఊళ్లో నడవదు.

ఇక బైకు మీది మనిషి దగ్గరికి వద్దాం. అతని కంటి ఎత్తు మీటరున్నర, ముందున్న టిప్పరు ఎత్తు మూడున్నర మీటర్లు అనుకుందాం. అయిదు మీటర్ల వెనక ఉంటే, రోడ్డు పైన ఆరున్నర మీటర్ల ఎత్తున వేలాడే సిగ్నల్ అతనికి పన్నెండున్నర మీటర్ల లోపుకు వస్తేనే కనబడుతుంది. ముందు టిప్పరు ఆగి ఉంటే అతను అంత దగ్గరికి రాలేడు. అంటే కనబడదు. అదే మనిషి ఇరవై మీటర్లు ఎడంగా ఉంటే 50 మీటర్ల దూరం నుంచే కనబడుతుంది. ఎడం పాటించమని బైకులవాళ్లకు చెప్పడం తేలికే, సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే నిలబడతాయి. కాబట్టి దీపాలు ఎన్ని, ఎక్కడ అని తేల్చే ఇంజనీరు ఒకసారి టిప్పరు వెనక బైకు ఎక్కి చూడాలి. ఎడమ పక్క స్తంభం, డివైడరు మీద కుడి స్తంభం, చౌరస్తా అవతల మరొకటి. వీటిలో కనీసం ఒకటి ఆ సీటు మీది నుంచి కనబడాలి.