కాటుకీ ఊపిరికీ మధ్య

తాచుపాము కరిచిన మనిషికి మొదట బరువెక్కేవి కనురెప్పలు. ఎంత తెరుద్దామన్నా సగంలోనే ఆగిపోతాయి. ఎదుట ఉన్న ఒక్క మనిషీ ఇద్దరుగా కనిపిస్తాడు. కాసేపటికి మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగుడు పడదు, మెడ నిలబడదు. చుట్టూ చేరినవాళ్లు ‘మత్తులోకి జారిపోతున్నాడు, నిద్రపోనివ్వకండి’ అంటూ చెంపలు తడుతుంటారు. నిజానికి అతనికి మత్తూ లేదు, నిద్రా లేదు. అందరి మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. మెదడు పంపే ఆజ్ఞ ఒక్కటే కండరాలకు చేరడం లేదు. చివరికి ఊపిరి ఆడించే కండరాలకూ అది చేరకుండా పోతుంది. తాచు కాటుతో ప్రాణం పోయేది ఎక్కువగా ఇలాగే.

ఆ ఆజ్ఞ ఎక్కడ ఆగిపోయింది? నరం చివరికీ కండరానికీ మధ్య ఒక సన్నని సందు ఉంటుంది. దాని వెడల్పు సుమారు 50 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 20 వేలో వంతు. నరంలో విద్యుత్తుగా వచ్చిన సంకేతం ఆ సందును నేరుగా దాటలేదు. అందుకని నరం చివర ఉన్న చిన్న చిన్న తిత్తులు పగిలి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి వస్తుంది. ఒక్కో తిత్తిలో వేలకొద్దీ అణువులు. అవతలి ఒడ్డున, కండర కణం పైపొర మీద, వాటిని పట్టుకునే ప్రోటీన్లు బారులు తీరి ఉంటాయి. వీటినే గ్రాహకాలు అంటాం, డాక్టర్ల మాటలో రిసెప్టర్లు. ఆ చోట చదరపు మైక్రోమీటరుకు దాదాపు 10 వేలుంటాయి.

ఒక్కో గ్రాహకం ఐదు ముక్కలు గుండ్రంగా చేరి కట్టిన గొట్టం. గొట్టంలో పెద్ద భాగం కణం బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, మధ్య దారి మామూలుగా మూసి ఉంటుంది. ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోట్లు రెండు. రెండూ నిండితే ప్రోటీన్ ఆకారం కాస్త మెలి తిరిగి, మధ్య దారి ఒకటి రెండు మిల్లీసెకన్లు తెరుచుకుంటుంది. సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, కండరం ముడుచుకుంటుంది. ఆ వెంటనే సందులోనే కాపలా ఉన్న ఒక ఎంజైమ్ ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసేస్తుంది. మీరు ఈ వాక్యం చదువుతూ కళ్లు కదిపిన ప్రతిసారీ జరిగింది ఇదే.

ఇలాంటిదేదో కండరంలోనే ఉండి తీరాలని మొదట గట్టిగా చెప్పినవాడు కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ. కోడి కండరానికి వెళ్లే నరాన్ని కోసేసి, అది పూర్తిగా క్షీణించాక నికోటిన్ పూసి చూశాడు. నరం లేకపోయినా కండరం ముడుచుకుంది. దక్షిణ అమెరికా వేటగాళ్లు బాణాలకు పూసే క్యురారే విషం తగిలితే ఆ ముడుచుకోవడం ఆగింది. అంటే నికోటిన్‌ను అందుకునేదీ, క్యురారే అడ్డుకునేదీ నరంలో లేదు, కండరం మీదే ఉంది. 1905లో ఆయన దానికి ‘గ్రహించే పదార్థం’ అని పేరు పెట్టాడు. కంటికి కనిపించని దాన్ని తర్కంతో పట్టుకోవడమంటే ఇది. నాకు ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా అబ్బురమే.

తాచు విషంలో ప్రాణం తీసేది 60, 70 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మూడు వేళ్లు చాపిన ఆకారంలో ఉంటుంది. అది సరిగ్గా ఎసిటైల్‌కోలిన్ కూర్చోవలసిన చోటే కూర్చుంటుంది, దారి మాత్రం తెరవదు. బస్సు కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపినట్టే: కూర్చున్న మనిషి లేడు, కూర్చోవలసిన మనిషికి చోటూ లేదు. నరం ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది, ఎసిటైల్‌కోలిన్ వస్తూనే ఉంటుంది, తలుపు తెరుచుకోదు.

ఈ మొండి పట్టే శాస్త్రవేత్తలకు కలిసివచ్చింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్‌ను విడదీశారు. పట్టుకుంటే దాదాపు వదలని విషమది. 1970లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ పియెర్ షాంజూ దాన్ని గాలంగా వేసి, ఈల్ చేప విద్యుత్ అవయవంలోంచి గ్రాహకాన్ని బయటికి తీశాడు. మూడేళ్లకు అమెరికాలో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ ఆ శుద్ధి చేసిన గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే వాటి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, కండరాలు చచ్చుబడ్డాయి. కండరాలు బలహీనపడే జబ్బు మయస్తీనియా గ్రేవిస్ ఉన్నవాళ్లలో కనురెప్పలు ఎందుకు వాలతాయో అలా తేలింది. అక్కడ విషం పని చేస్తున్నది సొంత రోగనిరోధక శక్తి.

మరి ముంగిస సంగతి? పాముతో పోరాడి వచ్చి ఏదో ఆకు నమిలి విషం విరుచుకుంటుందని మన ఊళ్లలో చెబుతారు. ఆకు ఏదీ లేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్‌లో సారా ఫుక్స్ బృందం 1992లో ముంగిస గ్రాహకాన్ని పరిశీలించింది. విషం అతుక్కునే చోట కొన్ని అమైనో ఆమ్లాలు మారి ఉన్నాయి. 187వ స్థానంలో ఆస్పరజీన్ చేరి, దానికి ఒక చక్కెర గొలుసు తగిలి ఉంది. ఎసిటైల్‌కోలిన్ దూరుతుంది, విషానికి చోటు చాలదు. తాచుకు తన విషం తగలకపోవడానికీ దాని గ్రాహకంలో ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆజన్మ శత్రువులనుకునే రెండు జంతువులు ఒకే ఉపాయాన్ని వేర్వేరుగా సంపాదించుకున్నాయి.

ఊళ్లలో ఇంకో అలవాటుంది. పాము కరిచినవాడి చేత వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని లెక్క. ఈ పరీక్షను నమ్మడం ప్రమాదం. చేదును పట్టే గ్రాహకాలు పూర్తిగా వేరే కుటుంబం. అవి గొట్టాలు కావు. బయట అణువు తగిలితే లోపలున్న జి ప్రోటీన్‌ను కదిలించి, దాని ద్వారా కబురు పంపుతాయి. తాచు విషానికి వాటితో పని లేదు. కనురెప్పలు వాలుతున్నవాడికి కూడా వేపాకు చేదుగానే ఉండవచ్చు. పైగా గొంతు కండరాలు పట్టు తప్పుతున్న మనిషి నోట్లో ఏది పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోయే భయముంది.

డాక్టర్లు చేసే పరీక్షలు ఇంతకంటే తేలిక. కళ్లు పైకెత్తి చూస్తూ ఉండమంటారు, రెప్పలు వాలతాయేమోనని. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చూస్తారు. ఆ అంకె గంట గంటకూ తగ్గుతుంటే ఊపిరి కండరాలు అలిసిపోతున్నాయన్నమాట.

చికిత్స తర్కం కూడా ఆ గ్రాహకం దగ్గరే ఉంది. యాంటీ వీనమ్ రక్తంలో తిరిగే విషాన్ని పట్టేస్తుంది. నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్, ఎసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను ఆపుతుంది. సందులో ఎసిటైల్‌కోలిన్ పేరుకుని, ఖాళీ దొరికిన ప్రతి గ్రాహకాన్నీ అందుకుంటుంది. అయితే అదే ఎసిటైల్‌కోలిన్ గుండె మీద వేరే రకం గ్రాహకానికి తగిలి వేగాన్ని తగ్గిస్తుంది. రసాయనం ఒకటే, కండరాన్ని కదిలిస్తుంది, గుండెను నెమ్మదింపజేస్తుంది. ఏ పని జరగాలో తేల్చేది అందుకునే గ్రాహకమే. అందుకే నియోస్టిగ్మిన్‌తో పాటు గుండె వైపు గ్రాహకాలను మూసే అట్రోపిన్ కూడా ఇస్తారు.

మన కట్లపాము దారి వేరు. దాని విషం గ్రాహకాలతో ఆగదు, నరం చివరనే పాడుచేస్తుంది. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచినవాడికి పాము కరిచిందని ఎవరికీ తోచదు. నియోస్టిగ్మిన్ ఇక్కడ పెద్దగా పనిచేయదు. కానీ నరం చివరలు మళ్లీ మొలుస్తాయి. అందాకా రోజుల తరబడి వెంటిలేటర్ ఊపిరి పోస్తే మనిషి లేచి నడిచి ఇంటికి వెళతాడు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల నేలా ఉంది. కొత్త మందుల కోసం పని సాగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో కార్తీక్ సునగర్ బృందం, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి 2024లో ఒక యాంటీబాడీని ప్రకటించారు. అది గ్రాహకంలాగే నటించి విషాన్ని తన మీదికి లాక్కుంటుంది. ఎలుకల్లో పనిచేసింది. మనుషుల దాకా రావడానికి సమయం పడుతుంది.

మంత్రం వేస్తే బతికినవాళ్లు ఉన్నారని వాదించేవాళ్లకు ఒక్క మాట. మన చుట్టూ తిరిగే పాముల్లో విషం లేనివే ఎక్కువ. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. ఆ బతికినవాళ్లు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. విషం నిజంగా ఎక్కినవాడికి మాత్రం మంత్రగాడి గుమ్మంలో గడిచే ప్రతి నిమిషం ఊపిరిలోంచి కోత.

కాబట్టి ఈ వానాకాలం ఇంట్లో అందరికీ చెప్పండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. పామును చంపడానికి వెతుకుతూ కూర్చోవద్దు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. యాంటీ వీనమ్, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి.