విజ్ఞానము నెరుగుట, విజ్ఞానమును బోధించుట



బి.యస్సీ. పరీక్షయందు నెగ్గిన బిడ్డ బడిలో పాఠము చెప్పుటకు మరల చదువనేల యని పలువురు తండ్రులు శంకింతురు. మరల వ్యయము తమదే గావున ఆ శంక న్యాయమైనదే.

దీనికి పొందూరి నూలే బదులు చెప్పగలదు. అచ్చటి స్త్రీలు వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వి సన్నని నూలు వడుకుదురు. శాస్త్రము మాత్రమే యెరిగినవాడు ఘర్షణ యను మాటను నల్లబల్లపై వ్రాసి వివరించును. బోధన నెరిగినవాడు పిడికెడు దూదిని, చిన్న దారమును తెచ్చి పిల్లలచే లాగించును. దూది విడిపోవును, దారము నిలుచును. ఇది యేల యని పిల్లలే యడుగుదురు. పురి బిగియుటచే పోచలు ఒండొంటిని ఒరసి పట్టుకొనుటయే ఘర్షణ యని యప్పుడు చెప్పిన, వారు మరువరు.

ఈ నేర్పును గరపుటకే బి.ఇడి. పట్టము. 2014 నాటి నియమములు దాని గడువును ఏడాదినుండి రెండేండ్లకు పెంచి, అందు ఇరువది వారములు బడులతో గడుపవలెనని విధించినవి. ఆ పైది ఎం.ఇడి.; ఉపాధ్యాయులకు శిక్షణ నీయగోరువారికి అది వలయును. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖపట్టణమున దానిని నేర్పుచున్నది. శాస్త్రమును, బోధనమును కలిపి నేర్చుటకు 1963లో మైసూరున నెలకొల్పబడిన ప్రాంతీయ విద్యాసంస్థ గలదు.

పట్టము మాత్రముననే నేర్పు రాదు; నిజమే. కాని నేర్పులేని బోధనచే శాస్త్రము కష్టమని విడిచిన బిడ్డ మరల దానివంక చూడదు. ఆ నష్టము ముందు రెండేండ్ల వ్యయ మెంత? పెద్దలు యోచింతురు గాక.