దూరం కొట్టే వెలుగు ఎక్కడిది?

పాత మూడు సెల్లుల బ్యాటరీ లైటు వేస్తే చెరువు అవతలి గట్టు కనపడేదని, ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతాయే గానీ దూరం కొట్టవని పల్లెల్లో పెద్దవాళ్లు అంటుంటారు. పాత వస్తువు మీద మమకారంతో అంటున్నారని ఆ మాటను తీసిపారేయకూడదు. ఒక కాలంలో, ఒక రకం ఎల్‌ఈడీ లైటు విషయంలో అది అక్షరాలా నిజం. ఇప్పుడు ఆ నిజం తిరగబడింది. రెండింటికీ కారణం ఒక్కటే.

ముందు దూరాన్ని ఎలా కొలుస్తారో చూద్దాం. 2009లో అమెరికాలో టార్చిలైట్ల కోసం ఎఫ్ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం, లైటు వెలుగు 0.25 లక్స్‌కు పడిపోయే చోటు ఎంత దూరంలో ఉంటే అదే ఆ లైటు దూరం. 0.25 లక్స్ అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెల. ఒక దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రతను క్యాండెలాల్లో చెబుతారు. ఆ అంకెకు వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే దూరం మీటర్లలో వచ్చేస్తుంది. 2,500 క్యాండెలాల లైటు 100 మీటర్లు కొడుతుంది. 200 మీటర్లు కొట్టాలంటే మాత్రం 5,000 చాలవు, 10,000 కావాలి. దూరం రెట్టింపయ్యే కొద్దీ అదే వెలుగు నాలుగింతల చోటు మీద పరుచుకుంటుంది గనుక, రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల తీవ్రత తప్పదు.

ఈ లెక్కలో ల్యూమెన్లు ఎక్కడా కనపడవు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేది మాత్రం వాటినే. అన్ని దిక్కులకూ పోయే వెలుగు మొత్తం కలిపితే ల్యూమెన్లు. ఆ వెలుగు ఎంత దూరం వెళ్తుందో అవి చెప్పవు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మరి క్యాండెలాలు ఎక్కడి నుంచి వస్తాయి? బాగా ఫోకస్ చేసిన లైటుకు ఎదురుగా చాలా దూరంలో నిలబడి, వెలుగు మరీ కళ్లలో కొట్టకుండా నల్లద్దం అడ్డం పెట్టుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. బల్బు వెనక ఉండే రిఫ్లెక్టరు గిన్నె మొత్తం వెలిగిపోతూ కనిపిస్తుంది. నాభి దగ్గర ఉన్న చిన్న ఫిలమెంటు ఎంత ప్రకాశంగా మండుతోందో, గిన్నెలో ప్రతి భాగమూ దాదాపు అంత ప్రకాశంగానే ఉంటుంది. అంటే దూరాన్ని నిర్ణయించేవి రెండే: వెలిగే ముక్క ఉపరితలం ఎంత ప్రకాశంగా ఉంది, రిఫ్లెక్టరు ఎంత వెడల్పుగా ఉంది. వెలిగే ముక్క పెద్దదైతే నేల మీద పడే వెలుగు చక్రం పెద్దదవుతుంది. దూరం పెరగదు.

పాత లైటుకు ఈ లెక్క కట్టి చూడండి. మూడు సెల్లులు కూడా అక్కర్లేదు, రెండు సెల్లుల లైటులో వేసే బల్బునే తీసుకోండి: 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్లు. ముప్పావు వాటు అన్నమాట. దాని మొత్తం వెలుగు కొద్ది ల్యూమెన్లే. కానీ ఆ వెలుగంతా వెంట్రుక లాంటి టంగ్‌స్టన్ తీగ చుట్టలోంచి వస్తుంది. గట్టిగా మండే ఫిలమెంటు మీద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 10 క్యాండెలాల ప్రకాశం ఉంటుంది. 50 మిల్లీమీటర్ల రిఫ్లెక్టరు వైశాల్యం దాదాపు 2,000 చదరపు మిల్లీమీటర్లు. గుణిస్తే 20,000 క్యాండెలాలు. ఇది కాగితం మీది లెక్క. చిన్న బల్బు ఫిలమెంటు అంత వేడిగా మండదు, తీగ చుట్టల మధ్య సందులుంటాయి, రిఫ్లెక్టరు మధ్యలో బల్బు కోసం రంధ్రముంటుంది, మెరుగు తగ్గిన రేకు కొంత మింగేస్తుంది. అన్నీ పోయి నాలుగో వంతే మిగిలినా 5,000 క్యాండెలాలు, అంటే 140 మీటర్ల దూరం. పెద్దవాళ్లు చెప్పే చెరువు గట్టు కథ ఈ లెక్కకు సరిపోతుంది.

తర్వాత బజారులోకి వచ్చిన చవక ఎల్‌ఈడీ లైట్ల సంగతి వేరు. గుండ్రటి 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు పదో పదిహేనో ఒక రేకు మీద గుచ్చి పెట్టేవారు. ఒక్కోదానికి దాని సొంత ప్లాస్టిక్ కటకమే దిక్కు. పెద్ద రిఫ్లెక్టరు ఉండదు, ఉన్నా దానికి చేసే పని ఉండదు. ఒక్కోటి 15 క్యాండెలాలు ఇచ్చిందనుకుంటే పది కలిసి 150. దూరం 24 మీటర్లు. వాకిలంతా తెల్లగా వెలుగుతుంది, వీధి చివర మాత్రం చీకటే. ఎల్‌ఈడీలు దూరం కొట్టవన్న మాట పుట్టింది వీటితోనే.

నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. నీలి వెలుగు మీద పసుపు ఫాస్ఫరు పూత వేసి తెల్ల వెలుగు రప్పించడం ఆ ఆవిష్కరణ ఫలమే. అక్కడి నుంచి చిప్పులు ఏటేటా మెరుగుపడ్డాయి. ఇవాళ దూరం కోసమే తయారయ్యే మంచి ఎల్‌ఈడీ ఉపరితలం చదరపు మిల్లీమీటరుకు 100 క్యాండెలాలు దాటుతుంది, ఫిలమెంటుకు పది రెట్లకు పైనే. ప్రకాశం పది రెట్లయితే అదే రిఫ్లెక్టరుతో దూరం పది రెట్లు పెరగదు, మూడు రెట్లకు కాస్త పైన పెరుగుతుంది. అయినా అది చిన్న తేడా కాదు. ఫిలమెంటు దాన్ని ఎప్పటికీ అందుకోలేదు. ఇంకా ప్రకాశం కావాలంటే తీగను ఇంకా వేడెక్కించాలి. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్‌కు కరిగిపోతుంది, దానికి చాలా ముందే ఆవిరవుతూ తెగిపోతుంది. ఫిలమెంటుకు ఆ హద్దు దాటే దారి లేదు.

బ్యాటరీ దిగిపోయేటప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ఫిలమెంటు వెలుగు వోల్టేజీతో పాటు నెమ్మదిగా తగ్గదు, దాదాపు దాని మూడున్నర ఘాతంతో పడిపోతుంది. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి దిగుతుంది, ఎర్రబడుతుంది కూడా. మంచి ఎల్‌ఈడీ లైటులోని సర్క్యూటు సెల్లు చివరి దాకా కరెంటును నిలకడగా అందిస్తుంది. ఎల్‌ఈడీకి శత్రువు వేడి. ఒంట్లోకి వేడిని లాగే లోహం సరిగా లేని లైటు కొద్ది నిమిషాల్లోనే మందగిస్తుంది. ప్రమాణం ప్రకారం కొలిచేది లైటు వేసిన మొదటి రెండు నిమిషాల లోపే గనుక, పెట్టె మీది అంకెకు ఆ సంగతి తెలియదు.

ఆ అంకెను మరో విధంగానూ జాగ్రత్తగా చదవాలి. వెన్నెలంత వెలుగులో ఏదో ఉందని తెలుస్తుంది, అదేమిటో తెలియదు. 200 మీటర్ల లైటు 100 మీటర్ల దగ్గర 1 లక్స్, 50 మీటర్ల దగ్గర 4 లక్స్ ఇస్తుంది. పనికొచ్చే చూపు అక్కడ మొదలవుతుంది. రాత్రి విడత కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకైతే దూరం కన్నా పాదాల చుట్టూ పరుచుకునే వెలుగు ముఖ్యం. కట్లపాము తిరిగేది రాత్రి పూటే, కనపడాల్సింది రెండు గజాల దూరంలోనే. సన్నగా దూసుకుపోయే వెలుగు అక్కడ పెద్దగా సాయపడదు. గోధుమ, ఎరుపు రంగుల తేడాలను ఫిలమెంటు వెలుగు ఇప్పటికీ చవక ఎల్‌ఈడీల కన్నా బాగా చూపిస్తుంది. ఎండుటాకుల మీద ఆ తేడా అవసరపడుతుంది. రంగులు బాగా చూపే ఎల్‌ఈడీలు ఉన్నాయి, కాస్త ఎక్కువ ధరకు.

ఇంట్లో ఉన్న లైట్లలో ఏది ఎంత కొడుతుందో తెలుసుకోవడానికి ఫోనులోని లక్స్ మీటరు యాప్ సరిపోతుంది. కొలత కచ్చితంగా ఉండకపోయినా రెండు లైట్లను పోల్చడానికి చాలు. చీకట్లో లైటును సరిగ్గా 10 మీటర్ల దూరంలో పెట్టి, వెలుగు చక్రం నడిమధ్య ఫోను ఉంచి లక్స్ చదవండి. ఆ అంకెను 100తో గుణిస్తే క్యాండెలాలు. 25 లక్స్ చూపిస్తే 2,500 క్యాండెలాలు, 100 మీటర్ల లైటు. 4 లక్స్ చూపిస్తే 40 మీటర్ల లైటు, పెట్టె మీద ఎన్ని వేల ల్యూమెన్లు రాసి ఉన్నా సరే.