బీజగణితంతో భౌతికశాస్త్రం: ప్రాథమిక కోర్సును చదివే పద్ధతి

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• భౌతికశాస్త్ర సూత్రాన్ని రాశుల మధ్య సంబంధంగా చదవగలుగుతారు.
• ఒక సూత్రం ఏ నిబంధన కింద వర్తిస్తుందో గుర్తించగలుగుతారు.
• లెక్కను ఐదు మెట్లలో సాధించగలుగుతారు.
• వచ్చిన జవాబు సమంజసమా, కాదా అని తేల్చుకోగలుగుతారు.

1.1 పరిచయం

దూరవిద్యలో డిగ్రీ చదివేవారిలో పదో తరగతితోనే గణితాన్ని వదిలేసినవారు, కొన్నేళ్ల విరామం తరవాత మళ్ళీ పుస్తకం పట్టినవారు చాలామంది ఉంటారు. వారికి మొదట వచ్చే సందేహం ఒకటే: కలన గణితం తెలియకుండా భౌతికశాస్త్రం అర్థమవుతుందా?

అర్థమవుతుంది. గెలీలియో పడే వస్తువుల చలన నియమాలను వివరించిన గ్రంథం 1638లో వెలువడింది. అప్పటికి న్యూటన్ పుట్టనే లేదు, కలన గణితం నేటి రూపానికి రాలేదు. గెలీలియో వాడినది రేఖాగణితం, అనుపాతాలు మాత్రమే. నేడు అమెరికా కళాశాలల్లో ప్రాథమిక భౌతికశాస్త్రాన్ని రెండు రకాలుగా బోధిస్తారు. ఇంజనీరింగు విద్యార్థులకు కలన గణితంతో కూడిన కోర్సు ఉంటుంది. జీవశాస్త్రం, వైద్య సంబంధ కోర్సులు చదివేవారికి ఎక్కువగా బీజగణితం ఆధారంగా సాగే కోర్సు ఉంటుంది. రెండింటిలోనూ ప్రకృతి నియమాలు ఒకటే, గణిత సాధనం మాత్రమే వేరు.

ఈ కోర్సుకు కావలసిన గణితం పరిమితమైనది: సమీకరణంలో పదాలను పక్షాంతరం చేయడం, నిష్పత్తులు, వర్గాలు, వర్గమూలాలు, 10 ఘాతాలు, వర్గ సమీకరణం, లంబకోణ త్రిభుజం. ఇవన్నీ పదో తరగతి లోపు చదివినవే. కష్టం వచ్చేది ఇక్కడ కాదు. సూత్రాలను కంఠస్థం చేసి, పరీక్షలో ఇచ్చిన అంకెలు ఏ సూత్రంలో ఇముడుతాయో వెతకడం వల్లనే చాలామంది వెనకబడతారు. సూత్రాన్ని వాక్యంలా చదవడం అలవాటైతే కంఠస్థం చేయవలసినవి చాలా తగ్గుతాయి. అందుకే ఈ పాఠంలో సూత్రాలను సంకేతాలతో కాక మాటలతోనే రాశాం. ఉదాహరణలను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి తీసుకున్నాం. ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, వాటిలోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

1.2 సూత్రం అంటే సంబంధం, నిబంధన

ప్రతి సూత్రంలో రెండు భాగాలుంటాయి. ఒకటి పైకి కనిపించే సంబంధం. రెండోది సూత్రం పక్కన రాయని నిబంధన. ‘తుది వేగం = తొలి వేగం + త్వరణం × కాలం’ అనే సూత్రం త్వరణం మారకుండా ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఆ నిబంధనను వదిలేస్తే అంకెలు సరిపోయినా జవాబు తప్పవుతుంది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఒక బస్సు 60 కి.మీ. దూరాన్ని గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లి, గంటకు 40 కి.మీ. వేగంతో తిరిగి వచ్చింది. సగటు ఎంత? చాలామంది వెంటనే 50 అంటారు. సగటు అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. వెళ్లడానికి 1 గంట, రావడానికి 1.5 గంటలు పట్టాయి. 120 ÷ 2.5 = 48. తక్కువ వేగంతో ఎక్కువ సేపు నడిచింది కాబట్టి సగటు 40 వైపు జరిగింది. రెండు వేగాలను కూడి సగం చేయడం, రెండు వేగాలతోనూ సమాన కాలం నడిచినప్పుడే చెల్లుతుంది.

1.3 లెక్క సాధనలో ఐదు మెట్లు

1. పరిస్థితిని చిత్రంగా గీయండి. ఏ దిశ ధనాత్మకమో బాణంతో గుర్తించండి.
2. తెలిసిన రాశులను, కనుక్కోవలసిన రాశిని ప్రమాణాలతో సహా రాయండి. అన్నింటినీ మీటరు, కిలోగ్రాము, సెకనులలోకి మార్చండి.
3. వర్తించే నియమాన్ని, దాని నిబంధనను ఒక వాక్యంలో రాయండి.
4. ముందు సమీకరణాన్ని కావలసిన రాశి కోసం సాధించండి. అంకెలను ఆ తరవాతే ప్రతిక్షేపించండి.
5. జవాబు ప్రమాణం సరిపోయిందా, పరిమాణం నమ్మదగినదేనా పరిశీలించండి.

1.4 ఉదాహరణ 1: జనగామ రహదారి మీద బ్రేకు

జనగామ మీదుగా సాగే హైదరాబాదు–వరంగల్ మార్గం 163వ నంబరు జాతీయ రహదారి. ఈ మార్గంలో రాత్రివేళ ఒక మోటారు సైకిలు గంటకు 72 కి.మీ. వేగంతో వెళుతోందనుకుందాం. 50 మీటర్ల ముందు ఆగి ఉన్న లారీ కనిపించింది. నడిపే వ్యక్తి బ్రేకు వేయడానికి 1 సెకను పట్టింది. బ్రేకు వల్ల కలిగే రుణత్వరణం సెకను వర్గానికి 5 మీటర్లు. బండి లారీకి ముందే ఆగుతుందా?

గంటకు 72 కి.మీ. అంటే సెకనుకు 20 మీటర్లు. బ్రేకు వేయకముందే బండి 20 మీటర్లు వెళ్లిపోతుంది. తరవాతి చలనానికి

తుది వేగం² = తొలి వేగం² − 2 × రుణత్వరణం × దూరం

ఆగినప్పుడు తుది వేగం సున్నా. కాబట్టి

దూరం = తొలి వేగం² ÷ (2 × రుణత్వరణం) = 400 ÷ 10 = 40 మీటర్లు

మొత్తం 60 మీటర్లు కావాలి, ఉన్నవి 50. బండి ఆగదు. ఢీకొనే సమయానికి వేగం ఎంత? బ్రేకు పనిచేసే దూరం 30 మీటర్లే కనుక, తుది వేగం² = 400 − (2 × 5 × 30) = 100. తుది వేగం సెకనుకు 10 మీటర్లు, అంటే గంటకు 36 కి.మీ. దూరం తక్కువైంది పది మీటర్లే అయినా, మిగిలిపోయిన వేగం మొదటి వేగంలో సగం.

అయితే ఎంత వేగంతో వెళితే 50 మీటర్లలో ఆగవచ్చు? వేగం + (వేగం² ÷ 10) = 50. దీన్ని సవరిస్తే

వేగం² + 10 × వేగం − 500 = 0

దీని మూలాలు సుమారుగా 17.9, −27.9. రుణ మూలానికి ఇక్కడ అర్థం లేదు. సెకనుకు 17.9 మీటర్లంటే గంటకు సుమారు 64 కి.మీ. బడిలో నేర్చిన వర్గ సమీకరణం ఇక్కడ బండి నడిపే మనిషి ప్రాణానికి సంబంధించిన ప్రశ్నకు జవాబు చెప్పింది.

సూత్రంలోని వర్గాన్ని గమనించండి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. ఈ అనుపాతం అర్థమైతే సూత్రాన్ని మరచిపోరు.

1.5 ఉదాహరణ 2: మహబూబాబాద్ మిరప తోటకు నీరు

ఒక రైతు బోరు బావిలో నీటి మట్టం 60 మీటర్ల లోతున ఉంది. మోటారు 5 హెచ్.పి., మొత్తం దక్షత 40 శాతం అనుకుందాం. ఎకరం మిరప తోటకు ఒక తడికి 25 మి.మీ. నీరు కావాలంటే మోటారు ఎన్ని గంటలు నడవాలి?

1 హెచ్.పి. 746 వాట్లకు సమానం. 5 హెచ్.పి. అంటే 3,730 వాట్లు. ఇందులో 40 శాతం, అంటే 1,492 వాట్లు మాత్రమే నీటిని పైకెత్తడానికి ఉపయోగపడతాయి. నీటిని ఎత్తడానికి చేసే పని ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం. ఒక సెకనులో చేసే పనే సామర్థ్యం. కాబట్టి

సెకనుకు వచ్చే నీరు = సామర్థ్యం ÷ (గురుత్వ త్వరణం × ఎత్తు) = 1,492 ÷ (9.8 × 60) = 2.54 కి.గ్రా.

1 కి.గ్రా. నీటి ఘనపరిమాణం సుమారు 1 లీటరు. కనుక గంటకు సుమారు 9,100 లీటర్లు వస్తాయి. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. దాన్ని 0.025 మీటర్లతో గుణిస్తే 101 ఘనపు మీటర్లు, అంటే 1,01,000 లీటర్లు. దానికి సుమారు 11 గంటలు పడుతుంది.

వేసవిలో నీటి మట్టం 90 మీటర్లకు దిగిందనుకోండి. లెక్కను మళ్ళీ మొదటి నుంచి చేయనక్కరలేదు. నీటి ప్రవాహం ఎత్తుకు విలోమానుపాతంలో ఉంది. ఎత్తు ఒకటిన్నర రెట్లయింది కనుక కాలమూ ఒకటిన్నర రెట్లవుతుంది: సుమారు 16.5 గంటలు. ఇక్కడి నిబంధన, సామర్థ్యమూ దక్షతా మారకపోవడం. నిజమైన పంపులో లోతును బట్టి దక్షత కొంత మారుతుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే. అంచనాను అంచనాగా చెప్పడం కూడా భౌతికశాస్త్రంలో భాగమే.

1.6 ఉదాహరణ 3: భూపాలపల్లి బొగ్గు, ఇంట్లో ఒక యూనిట్

భూపాలపల్లి సింగరేణి గనులున్న ప్రాంతం. సమీపంలో చెల్పూరు వద్ద ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, రెండు యూనిట్లున్నాయి. ఇక్కడ ‘యూనిట్’ అంటే యంత్ర సముదాయం. కరెంటు బిల్లులోని ‘యూనిట్’ వేరు, అది ఒక కిలోవాట్-గంట. ఒకే మాట రెండు అర్థాల్లో వచ్చినప్పుడు జాగ్రత్త పడాలి.

1 కిలోవాట్-గంట = 1,000 వాట్లు × 3,600 సెకన్లు = 36 లక్షల జౌళ్లు. కేంద్రం దక్షత 36 శాతం అనుకుంటే, దానికి కావలసిన ఉష్ణం 36 లక్షలు ÷ 0.36 = 1 కోటి జౌళ్లు. 1 కి.గ్రా. బొగ్గు 1.6 కోట్ల జౌళ్ల ఉష్ణాన్ని ఇస్తుందనుకుంటే, బిల్లులో ఒక యూనిట్‌కు 1 ÷ 1.6 = 0.625 కి.గ్రా. బొగ్గు కావాలి.

500 మెగావాట్ల యంత్రం గంటలో 5 లక్షల యూనిట్ల విద్యుత్తు ఇస్తుంది. దానికి సుమారు 312 టన్నుల బొగ్గు కావాలి. బొగ్గు ఇచ్చిన ఉష్ణంలో 64 శాతం విద్యుత్తుగా మారకుండా పరిసరాల్లోకి పోతుంది. శక్తి నశించలేదు, రూపం మారింది. శక్తి నిత్యత్వ నియమాన్ని కంఠస్థం చేసినవారు కూడా ఈ 64 శాతం ఎక్కడికి పోయిందని అడిగితే తడబడతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే నియమం అర్థమైనట్లు.

1.7 బీజగణితం ఎక్కడ ఆగుతుంది?

నిశ్చల స్థితి నుంచి స్థిర త్వరణంతో బయలుదేరిన వస్తువుకు వేగం–కాలం రేఖాపటం గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ కింది త్రిభుజ వైశాల్యమే వస్తువు ప్రయాణించిన దూరం: సగం × కాలం × తుది వేగం. త్వరణం నిరంతరం మారుతుంటే ఆ రేఖ వక్రమవుతుంది. వక్రం కింది వైశాల్యాన్ని త్రిభుజ సూత్రంతో కనుక్కోలేం. దాన్ని సన్నని పట్టీలుగా విడగొట్టి కూడవలసి ఉంటుంది. ఆ కూడికను కచ్చితంగా చేసే సాధనమే కలన గణితం. బీజగణితంతో చదివినవారు రేపు కలన గణితం నేర్చుకున్నా, ఇక్కడ నేర్చిన ఏ భావననూ వదిలేయనక్కరలేదు.

1.8 ఇంటి దగ్గర చదివేవారికి సూచనలు

సాధించిన ఉదాహరణను కథలా చదువుకుంటూ పోకండి. ప్రశ్న చదివి, జవాబును మూసి, కాగితం మీద స్వయంగా ప్రయత్నించండి. ఎక్కడ ఆగిపోయారో ఆ మెట్టు సంఖ్య రాసుకోండి. సంప్రదింపు తరగతికి వెళ్లినప్పుడు ‘ఈ పాఠం అర్థం కాలేదు’ అనడం కన్నా ‘మూడో మెట్టులో నిబంధన తెలియలేదు’ అని అడిగితే సహాయం త్వరగా అందుతుంది. వారానికొకసారి చదవడం కన్నా రోజూ రెండు లెక్కలు చేయడం మేలు.

1.9 సారాంశం

సూత్రం రాశుల మధ్య సంబంధాన్ని తెలిపే వాక్యం. దానికి ఒక నిబంధన ఉంటుంది. వేగం వర్గంతో బ్రేకు దూరం పెరగడం, లోతుతో నీటి ప్రవాహం తగ్గడం, దక్షతను బట్టి బొగ్గు అవసరం మారడం వంటివి అనుపాతాలుగా గ్రహించాలి. జవాబు వచ్చిన తరవాత ప్రమాణాన్ని, పరిమాణాన్ని సరిచూసుకోవాలి.

1.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఉదాహరణ 1లో వేగం గంటకు 54 కి.మీ. అయితే బండి ఆగడానికి మొత్తం ఎంత దూరం కావాలి?
2. ఉదాహరణ 2లో వర్షాల తరవాత నీటి మట్టం 40 మీటర్లకు పెరిగితే ప్రవాహం ఎన్ని రెట్లవుతుంది?
3. రోజుకు 5 గంటలు వెలిగే 60 వాట్ల బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెడితే 30 రోజుల్లో ఎంత బొగ్గు ఆదా అవుతుంది?

జవాబులు: 1. 15 + 22.5 = 37.5 మీటర్లు. 2. 1.5 రెట్లు. 3. 7.65 యూనిట్లు, సుమారు 4.8 కి.గ్రా.