చెయ్యి వణకడానికి ముందే పేగులు చెప్తాయా? పార్కిన్సన్స్ గురించి మాట్లాడుకుందాం

పార్కిన్సన్స్ అనగానే చెయ్యి వణుకుతున్న పెద్దాయన ఒకరు గుర్తొస్తారు కదా? నాకు మా తాతయ్య గుర్తొస్తారు. చెయ్యి వణికాకే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కానీ అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఆయనకి మలబద్ధకం. రాత్రిళ్లు నిద్రలో అరిచేవారు, కాళ్లు విసిరేవారు. పొద్దున్నే మేం ఆటపట్టించేవాళ్లం. అవీ ఈ వ్యాధి గుర్తులే అయి ఉండొచ్చని మాకెవరికీ తట్టలేదు.

పేగులకీ వణుకుకీ సంబంధం ఏంటంటారా? చెప్తాను. అన్నవాహిక నుంచి కింద దాకా, పేగు గోడల్లోనే ఒక నరాల వల ఉంటుంది. ఎంటెరిక్ నెర్వస్ సిస్టమ్ అంటారు. అందులో 10 కోట్లకు పైగా న్యూరాన్లు ఉంటాయి. తిన్నది ముందుకు నెట్టే పని చాలావరకు ఇదే చూసుకుంటుంది, మెదడు చెప్పేదాకా ఆగదు. అందుకే రెండో మెదడు అని పేరొచ్చింది. ఆలోచనలు మాత్రం చెయ్యదండోయ్! దీన్ని పై మెదడుతో కలిపే ముఖ్యమైన తీగ వేగస్ నరం.

ఇప్పుడు అసలు విషయం. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ తప్పుగా మడతపడి నరాల కణాల్లో ముద్దకడుతుంది. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం, చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షించి ఒక వరస గమనించింది. ఈ ముద్దలు ముందు వేగస్ నరం మొదలయ్యే చోట, వాసన పట్టే భాగంలో కనిపిస్తున్నాయి. కదలికలు నడిపే డోపమైన్ కణాల దాకా తర్వాత వస్తున్నాయి. అయితే మొదలు పేగుల్లోనేమో అని అనుమానం.

2019లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఎలుకల జీర్ణకోశం గోడలో ఈ చెడిన ప్రోటీన్ ఎక్కించి చూశారు. నెలల్లో అది మెదడు దాకా పాకింది. వేగస్ నరం కోసేసిన ఎలుకల్లో పాకలేదు! మనుషుల్లో లెక్క ఇంత సాఫీగా లేదు. కొందరిలో పేగుల నుంచి, కొందరిలో నేరుగా మెదడులోనే మొదలవుతుందని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు.

మరి మలబద్ధకం ఉంటే భయపడాలా? ఇక్కడ ఒక లెక్క చూడండి. హవాయిలో 6,790 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2001లో ఫలితాలు చెప్పారు. రోజుకి ఒక్కసారైనా విరేచనం కానివాళ్లకి, ఒకసారి అయ్యేవాళ్లకంటే పార్కిన్సన్స్ ముప్పు 2.7 రెట్లు. ఇంతవరకే ఫార్వర్డ్ చేస్తే ఇల్లంతా కంగారే. కానీ మొత్తం మీద జబ్బు వచ్చింది 96 మందికే. కాబట్టి మీకు రెండ్రోజులు సరిగ్గా అవ్వకపోతే నీళ్లు తాగండి, గూగుల్ చెయ్యకండి.

పేగులోంచి చిన్న ముక్క తీసి టెస్ట్ చెయ్యలేమా? చేసి చూశారు. చిక్కేంటంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనూ ఈ ప్రోటీన్ కనిపిస్తోంది. దీనికంటే వెన్నులోంచి తీసిన ద్రవంతో చేసే టెస్ట్ మెరుగు. 2023లో వచ్చిన అధ్యయనంలో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో దాదాపు 88 శాతం మందిని అది పట్టింది. అయితే ఏ లక్షణం లేనివాళ్లకి వెన్నులో సూది గుచ్చరు కదా. పైగా ముందే తెలిసినా జబ్బుని ఆపే మందు ఇంకా లేదు. అందుకే ఈ వేట. డోపమైన్ కణాలు చాలావరకు పోయాక వణుకు కనిపిస్తోంది, అప్పుడు మందు పరీక్షిస్తే ఏం తేలుతుంది?

ఇంట్లో గమనించాల్సింది ఒక్క గుర్తుని కాదు, కొన్ని కలిసి రావడాన్ని. ఏళ్లుగా మలబద్ధకం ఉంది, పోపు మాడినా వాసన తెలీట్లేదు, దానికి తోడు కలలో కొట్లాడుతున్నట్టు చేతులు విసురుతున్నారు అంటే న్యూరాలజిస్ట్‌కి చూపించండి. వీటిలో ఆఖరిది చాలా బలమైన గుర్తు. డాక్టర్ గదిలో మాత్రం అది కనిపించదు. పెద్దాయనకి చెప్పి, ఒక రాత్రి ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి.